వక్తృత్వ పాఠం నుంచి సాహిత్య విమర్శకు: ఫ్రాంచెస్కో డె సాంక్టిస్ అధ్యాపక జీవితం

ప్రవేశిక

సాహిత్యాన్ని బోధిస్తున్నాం అని చెప్పే అధ్యాపకుడు నిజానికి దేనిని బోధిస్తున్నాడు? పంతొమ్మిదో శతాబ్దం మొదటి సగం వరకు ఇటలీలో ఈ ప్రశ్నకు సమాధానం తేలికగానే దొరికేది. చక్కగా రాయడం, చక్కగా మాట్లాడడం నేర్పడమే సాహిత్య బోధన. పూర్వ కవుల రచనలు అందుకు మాదిరులు. ఆ శతాబ్దం ముగిసేసరికి సమాధానం పూర్తిగా మారిపోయింది. రచనను వివరించడం, దానిని ఒక జాతి మనోచరిత్రలో నిలిపి చూపడం అధ్యాపకుని పని అయింది. విద్యార్థి ఇప్పుడు రాయడం నేర్చుకోవడానికి కాక, చదవడం నేర్చుకోవడానికి తరగతికి వస్తున్నాడు.

ఈ మార్పుకు సిద్ధాంత గ్రంథాల్లో అనేక కారణాలు చెప్తారు. జర్మన్ సౌందర్యశాస్త్ర ప్రభావం, కాల్పనికోద్యమం, జాతీయ రాజ్య నిర్మాణం వాటిలో ముఖ్యమైనవి. అవన్నీ నిజమే. అయితే ఈ మార్పు అధిక భాగం ఒక మనిషి తరగతి గదుల్లో, పాఠం తరువాత పాఠంగా జరిగింది. ఆయన ఫ్రాంచెస్కో డె సాంక్టిస్ (1817–1883). వ్యాకరణ, వక్తృత్వ పాఠశాలలో పెరిగి, వాటినే బోధిస్తూ, బోధనలో ఎదురైన ఇబ్బందుల వల్ల వాటిని దాటివచ్చిన అధ్యాపకుడు. ఆయనను సాహిత్య చరిత్రకారునిగా, విమర్శకునిగా చూసే అధ్యయనాలు ఎక్కువ. ఆయన విమర్శకు మూలం బోధనే అన్న దృష్టితో ఆ అధ్యాపక జీవితాన్ని పరిశీలించడం ప్రస్తుత వ్యాసం ఉద్దేశం.

రెటోరికా: ఒక పదం గురించి

ముందుగా పరిభాషను స్పష్టం చేసుకోవాలి. ఇటాలియన్‌లో రెటోరికా అనే శాస్త్రాన్ని తెలుగులో అలంకారశాస్త్రం అనడం వాడుకలో ఉంది. ఈ అనువాదం సగమే సరిపోతుంది. మన అలంకారశాస్త్రం కావ్యాన్ని కేంద్రంగా చేసుకొని పుట్టినది. రసం, ధ్వని, రీతి, వక్రోక్తి వంటి చర్చలన్నీ కావ్యాత్మ ఏమిటన్న ప్రశ్న చుట్టూ తిరుగుతాయి. గ్రీకు, రోమన్ సంప్రదాయంలోని రెటోరికా న్యాయస్థానంలో, పౌరసభలో పుట్టింది. ఎదుటివారిని ఒప్పించడం దాని లక్ష్యం. చెప్పవలసిన విషయాన్ని వెదకడం, దానిని క్రమంలో అమర్చడం, తగిన మాటల్లో పెట్టడం, జ్ఞాపకం ఉంచుకోవడం, సభలో పలకడం అని దానికి అయిదు అంగాలు. అలంకారాల పట్టిక మూడో అంగంలో ఒక భాగం మాత్రమే. అందువల్ల ఈ వ్యాసంలో దీనిని వక్తృత్వశాస్త్రం అని వ్యవహరిస్తున్నాను.

స్వేచ్ఛగా మాట్లాడే పౌరసభలు అంతరించిన కొద్దీ ఆ అయిదు అంగాలలో మూడవది తక్కినవాటిని మింగివేసింది. ఒప్పించవలసిన సభ లేనప్పుడు మిగిలేది మాటల సొగసే కదా. జెసూట్ పాఠశాలల్లో 1599 నాటి విద్యాప్రణాళిక ప్రకారం భాషా విద్యలో పై తరగతికి వక్తృత్వం అనే పేరు. విశ్వవిద్యాలయాల్లోనూ సాహిత్యాన్ని బోధించే ఆచార్య పీఠాన్ని వాగ్మిత పీఠం అనేవారు. నేపుల్స్ విశ్వవిద్యాలయంలో జాంబాటిస్టా వీకో 1699 నుంచి 1741 వరకు వక్తృత్వ ఆచార్యుడే. న్యాయశాస్త్రం చదవబోయే కుర్రవాళ్లను సిద్ధం చేయడం ఆయన ఉద్యోగం. ఎక్కువ జీతం, గౌరవం ఉన్న న్యాయశాస్త్ర పీఠానికి 1723లో పోటీపడి విఫలుడయ్యాడు. ఆ తరువాత రెండేళ్లకు ‘నూతన శాస్త్రం’ మొదటి రూపం వెలువడింది. ఉగో ఫోస్కొలో 1809 జనవరిలో పావియాలో ప్రారంభోపన్యాసం చేసినది కూడా వాగ్మిత పీఠం నుంచే. అప్పటికే ఆ పీఠం రద్దు ఖాయమైపోయింది. 1860లో జొజువె కార్దూచి బొలోన్యాలో చేరిన పీఠానికి సైతం ఇటాలియన్ వాగ్మిత అన్న పాత పేరే. విషయం మారుతున్నా పేరు మారడానికి చాలా కాలం పట్టిందని ఈ ఉదాహరణలు చూపుతున్నాయి.

పువోటి గారి ఇల్లు

డె సాంక్టిస్ 1817 మార్చి 28న దక్షిణ ఇటలీలో అవెల్లీనో ప్రాంతపు కొండ ఊరైన మొర్రా ఇర్పీనాలో జన్మించాడు. తొమ్మిదో ఏట నేపుల్స్ చేరి, పాఠశాల నడుపుతున్న మతాచార్యుడైన పెదతండ్రి వరుస బంధువు కార్లో వద్ద చదువుకున్నాడు. కొంతకాలానికి ఆయన జబ్బుపడడంతో పాఠాలు చెప్పే భారం యువకుడైన డె సాంక్టిస్ మీద పడింది. చదువు పూర్తికాకముందే గురువైపోయిన వారిలో ఆయన ఒకడు.

ఆయన భాషా సంస్కారానికి ఆధారం మాత్రం మార్క్విస్ బసీలియో పువోటి (1782–1847) నడిపిన బడి. పువోటి తన ఇంట్లోనే, రుసుము తీసుకోకుండా, పాఠాలు చెప్పేవాడు. ఆయన భాషాశుద్ధివాది. పద్నాలుగో శతాబ్దపు టస్కన్ గద్యమే ప్రమాణం. ఫ్రెంచి నుంచి వచ్చి చేరిన మాటలూ వాక్యనిర్మాణాలూ దోషాలు. విద్యార్థులు పాత గ్రంథాలు చదివి మంచి పలుకుబడులను పుస్తకాల్లోకి ఎత్తి రాసుకోవాలి, లాటిన్ నుంచి అనువదించాలి, సొంతంగా వ్యాసాలు రాసి అందరి ముందు చదవాలి. గ్రాంథిక, వ్యావహారిక వివాదం తెలిసిన తెలుగు పాఠకునికి ఈ వాతావరణం పరిచితంగానే తోస్తుంది. అయితే ఒక తేడా ఉంది. అప్పటి ఇటలీ అనేక రాజ్యాలుగా చీలి ఉంది. అక్కడ ప్రాచీన భాషను పట్టుకోవడంలో విదేశీ ప్రాబల్యాన్ని ఎదిరించే దేశాభిమానం కూడా కలిసి ఉండేది. కనుక పువోటి శుద్ధివాదాన్ని కేవలం ఛాందసంగా కొట్టివేయలేం.

డె సాంక్టిస్ కూడా అలా కొట్టివేయలేదు. 1868లో గురువును గురించి ‘చివరి శుద్ధివాది’ అనే వ్యాసం రాశాడు. శీర్షికలోనే తీర్పు ఉంది. ఆ కాలం ముగిసింది, తిరిగిరాదు. కానీ వ్యాసంలో కృతజ్ఞత స్పష్టంగా కనిపిస్తుంది. పువోటి సిద్ధాంతం ఇరుకైనది. ఆయన పద్ధతి మాత్రం విశాలమైనది. గురువు పీఠం మీద నుంచి పాఠం వల్లింపజేయడం అక్కడ లేదు. శిష్యులు ఒకరి రచనను ఒకరు విమర్శించేవారు. గురువు వారితో స్నేహితుల్లా మసిలేవాడు. జాకొమో లియోపార్డి ఒకసారి ఆ బడిని చూడవచ్చాడనీ, తన మాటలు విని తనలో విమర్శకుని లక్షణం ఉందని గుర్తించాడనీ డె సాంక్టిస్ ‘యౌవనం’ అనే ఆత్మకథలో తలచుకున్నాడు. ఆయన జీవితాంతం బోధించిన కవులలో లియోపార్డి ఒకడు కావడానికి ఆ సాయంత్రం కూడా ఒక కారణం అయి ఉండవచ్చు.

వీకో బీసి సందులో

1839లో డె సాంక్టిస్ నేపుల్స్ పాతబస్తీలో వీకో బీసి అనే సందులో సొంత బడి ప్రారంభించాడు. పువోటి దగ్గరకు వెళ్లబోయే చిన్నవాళ్లను తయారుచేయడం మొదట దాని పని. అదే కాలంలో సైనిక పాఠశాలలోనూ, తరువాత నున్సియాటెల్లా సైనిక కళాశాలలోనూ పాఠాలు చెప్పాడు. 1848 వరకు సాగిన ఈ బోధనా కాలాన్ని ఇటాలియన్ పరిశోధకులు మొదటి నేపుల్స్ పాఠశాల అంటారు.

ఈ తొమ్మిదేళ్లే ఈ వ్యాసానికి కీలకం. ఏటా పాఠ్యవిషయం మారుతూ వచ్చింది. వ్యాకరణంతో మొదలై భాష, శైలి, వక్తృత్వం, సాహిత్య ప్రక్రియలు, భావకవిత్వం, ఇతిహాస కావ్యం, నాటకం, సౌందర్యశాస్త్రం, విమర్శ చరిత్ర వరకు నడిచింది. బయటికి ఇది అప్పటి పాఠశాలల మామూలు క్రమమే. కానీ ఒక్కొక్క మెట్టు దగ్గర ఆయనకు ఒక్కొక్క అసంతృప్తి కలిగింది. వ్యాకరణ సూత్రాలు చెబుతుంటే వాటి వెనుక తర్కం ఏమిటన్న ప్రశ్న వచ్చింది. శైలిని ఉన్నతం, మధ్యమం, సామాన్యం అని విభజిస్తుంటే, ఒకే కవి ఒకే ఘట్టంలో మూడింటినీ ఎందుకు కలుపుతాడన్న ప్రశ్న వచ్చింది.

వక్తృత్వం దగ్గరకు వచ్చేసరికి ఈ అసంతృప్తి తిరుగుబాటు అయింది. అలంకారాల పట్టిక విద్యార్థికి పేర్లు నేర్పుతుంది. ఉపమ ఇది, రూపకం ఇది, అతిశయోక్తి ఇది. అవి గుర్తుపట్టిన విద్యార్థికి పరీక్షలో మార్కులు వస్తాయి. అయితే ఒక ఉపమ ఇక్కడ ఎందుకు గుండెను తాకింది, అదే ఉపమ మరొక చోట ఎందుకు చచ్చిపోయింది అన్నదానికి పట్టికలో సమాధానం లేదు. అలంకారం మాట మీద అంటించిన ఆభరణం కాదు. భావం ఒక స్థితికి చేరినప్పుడు అది ఆ రూపంలో తప్ప మరో రూపంలో రాదు. అందువల్ల అలంకారాన్ని నేర్పలేం, దానికి కారణమైన స్థితిని మాత్రమే చూపగలం. తాను వక్తృత్వం పేరుతో చెప్పినది నిజానికి వక్తృత్వానికి ప్రతిపక్షం అని ఆయన తరువాత ఆత్మకథలో గుర్తుచేసుకున్నాడు. శబ్దార్థాల సాహిత్యం గురించి చర్చించిన మన సంప్రదాయంలో పెరిగినవారికి ఇది కొత్తగా అనిపించకపోవచ్చు. పాఠశాలల వక్తృత్వం కంఠస్థ విద్యగా మారిన నేపుల్స్‌లో మాత్రం ఇది సాహసమే.

ఈ దశలోనే ఆయన హెగెల్ సౌందర్యశాస్త్రాన్ని ఫ్రెంచి అనువాదంలో చదివాడు. హెగెల్ వల్లనే ఆయన మారాడని చెప్పడం పాఠ్యపుస్తకాల్లో పరిపాటి. వరుస గమనిస్తే వేరుగా కనిపిస్తుంది. తరగతి గదిలో తలెత్తిన ప్రశ్నలు ముందు. వాటికి పేర్లు పెట్టుకోవడానికి హెగెల్ తరువాత. పైగా ఆయన హెగెల్‌ను పూర్తిగా అంగీకరించలేదు. కళను భావనకు ఇంద్రియ రూపంగా చూడడంలో, చివరకు కవిత భావనకు సేవకురాలైపోతుందని ఆయన భయం. ఆయనకు కావలసిన రూపం వేరు. దానిని ఇటాలియన్‌లో ఫోర్మా అన్నాడు. ముందే తయారైన వస్తువును పోసే పాత్ర కాదు అది. వస్తువు కవి మనసులో పుట్టేటప్పుడే దానితో పాటు పుట్టే ఆకృతి. వస్తువు ఎంత గొప్పదైనా, నీతి ఎంత ఉన్నతమైనా, ఆకృతి ప్రాణం పోసుకోకపోతే అది కవిత్వం కాదు.

ఈ సూత్రం పాఠంలో ఎలా పనిచేస్తుందో తెలియడానికి ఆయన 1869లో ప్రచురించిన ఫ్రాంచెస్కా వ్యాసం మంచి ఉదాహరణ. డాంటే ‘నరకం’ అయిదో సర్గలో, భర్త తమ్ముడిని ప్రేమించి హతురాలైన ఫ్రాంచెస్కా తన కథ చెప్పుకుంటుంది. ప్రేమకథ ఉన్న ఒక పుస్తకాన్ని ఇద్దరూ కలిసి చదువుతూ ఉండడం ఆ ప్రేమ బయటపడడానికి కారణం. పాత వ్యాఖ్యాతలు ఈ ఘట్టంలో వెదికినవి మూడు: ప్రతీకార్థం, నీతి, అలంకారాలు. కొందరు డాంటే ఆమెను నిందించాడా, క్షమించాడా అని వాదించుకొన్నారు. డె సాంక్టిస్ ఆ ప్రశ్నలన్నిటినీ పక్కన పెట్టి ఒక్కటి అడుగుతాడు: ఈ స్త్రీ ఏ స్థితిలో ఉండి మాట్లాడుతోంది? శిక్ష అనుభవిస్తూ కూడా ప్రియుని విడువలేని స్థితి అది. ఆమె బలహీనత, ప్రేమ, లజ్జ, మొండితనం అన్నీ ఆ స్థితి నుంచి సహజంగా వచ్చినవే. ట్రూబడూర్ల నాయికలూ, బియాట్రిస్ కూడా పురుషుని ఊహలో నిలిచిన ఆదర్శాలు; ఆధునిక కవిత్వంలో మొదటగా కనిపించిన సజీవ స్త్రీ ఫ్రాంచెస్కా అని ఆయన నిర్ణయం. ఈ నిర్ణయంతో విభేదించవచ్చు. డాంటే ధర్మదృష్టిని ఆయన తక్కువ చేశాడని తరువాతి పండితులు చెప్పినదానిలో న్యాయం ఉంది. కానీ విద్యార్థి ఆ వ్యాసం చదివిన తరువాత సర్గను మళ్లీ తెరవకుండా ఉండలేడు. అలంకారాల పట్టిక ఆ పని చేయలేదు.

చెర, ప్రవాసం, జ్యూరిక్

1848 మే 15న నేపుల్స్ వీధుల్లో రాజసైన్యానికీ, రాజ్యాంగవాదులకూ పోరు జరిగింది. డె సాంక్టిస్ ప్రియశిష్యుడు లుయిజి లా విస్తా ఇరవైరెండేళ్ల వయసులో ఆ రోజు హతుడయ్యాడు. గురువు ఉద్యోగం పోయింది. కలాబ్రియాలో ఒక ప్రభువు ఇంట్లో పాఠాలు చెబుతూ తలదాచుకున్నాడు. 1850 డిసెంబరులో అరెస్టయి, నేపుల్స్ సముద్రతీరంలోని కాస్టెల్ డెల్లోవో కోటలో 1853 ఆగస్టు వరకు బందీగా ఉన్నాడు. అక్కడ జర్మన్ నేర్చుకున్నాడు. హెగెల్ తర్కశాస్త్రంపై పనిచేశాడు, గొథె ‘ఫౌస్ట్’లో కొంత భాగం అనువదించాడు. విడుదలయ్యాక దేశబహిష్కృతుడై మాల్టా మీదుగా ట్యూరిన్ చేరాడు. అక్కడ బాలికల పాఠశాలలో బోధిస్తూ, డాంటే మీద ఉపన్యాసాలు ఇచ్చి పేరు పొందాడు.

1856లో జ్యూరిక్‌లో కొత్తగా ఏర్పడిన పాలిటెక్నిక్‌లో ఇటాలియన్ సాహిత్య ఆచార్యునిగా చేరాడు. 1860 వరకు అక్కడే ఉన్నాడు. కళాచరిత్రకారుడు యాకోబ్ బుర్క్‌హార్ట్, సౌందర్యశాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ థియొడోర్ ఫిషర్ అక్కడ ఆయన సహాధ్యాపకులు. అది ఇంజనీర్లను తయారుచేసే సంస్థ. సాహిత్యం అక్కడ పక్క విషయం. పైగా విద్యార్థులకు ఇటాలియన్ పరభాష. నేపుల్స్‌లో పలుకుబడి సొగసును చెవితోనే గ్రహించే శ్రోతలు ఉండేవారు. ఇక్కడ ఆ సదుపాయం లేదు. శబ్దసౌందర్యం మీద ఆధారపడిన బోధన పనికిరాని చోట మిగిలేది కావ్యంలోని జీవితమే. పెట్రార్క్ మీద ఇక్కడ చెప్పిన పాఠాలు 1869లో పుస్తకంగా వచ్చాయి. పెట్రార్క్ అనుకర్తల చేతిలో వట్టి శైలిగా మారిపోయిన కవి. అటువంటి కవిలో శైలిని కాక మనిషిని చూపడానికి జ్యూరిక్ తరగతి ఒక పరీక్ష అయిందని నా అభిప్రాయం. షోపెన్‌హావర్, లియోపార్డిల మీద 1858లో రాసిన సంభాషణ కూడా ఈ కాలానిదే. అందులో వ్యంగ్యం దండిగా ఉన్నా, షోపెన్‌హావర్ దానిని చదివి మెచ్చుకోవడం సాహిత్య చరిత్రలోని చిన్న వింతలలో ఒకటి.

మంత్రి, గ్రంథకర్త

1860లో ఇటలీ ఏకీకరణ సమయంలో డె సాంక్టిస్ నేపుల్స్ తిరిగి వచ్చి విశ్వవిద్యాలయాన్ని పునర్వ్యవస్థీకరించాడు. 1861లో కొత్త ఇటలీ రాజ్యంలో విద్యామంత్రి అయ్యాడు. 1878లోనూ, మళ్లీ 1879 నుంచి 1881 వరకూ అదే పదవి నిర్వహించాడు. పాఠశాలల్లో వ్యాయామ విద్యను తప్పనిసరి చేసిన 1878 శాసనం ఆయనదే. రాజకీయ జీవితం గురించి ఇక్కడ ఎక్కువ చెప్పనవసరం లేదు. ఒక్క విషయం మాత్రం సాహిత్య బోధనకు సంబంధించినది. 1861 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో దాదాపు 78 శాతం మంది నిరక్షరాస్యులు. రోజువారీ జీవితంలో ఇటాలియన్ మాట్లాడేవారు అల్పసంఖ్యాకులే. మిగిలినవారివి ప్రాంతీయ భాషలు. రాజ్యం ఏర్పడింది గానీ, ఒక ఉమ్మడి గతం ఉన్నదని ప్రజలకు చెప్పగల పుస్తకం లేదు.

‘ఇటాలియన్ సాహిత్య చరిత్ర’ ఆ లోటులో పుట్టింది. నేపుల్స్ ప్రచురణకర్త మొరానో కోసం, మాధ్యమిక పాఠశాలల పాఠ్యగ్రంథంగా దానిని తలపెట్టాడు. 1870, 1871 సంవత్సరాల ముద్రణతో రెండు సంపుటాలుగా వెలువడింది. ఇరవై అధ్యాయాలు. పాఠ్యపుస్తకం అనుకొని మొదలుపెట్టినది ఒక జాతి అంతరంగ కథ అయింది. డాంటేలో విశ్వాసం, జీవితం, కవిత ఒకటిగా ఉన్నాయి. పెట్రార్క్ నుంచి అవి విడిపోవడం మొదలై, బొకాచియోలో లోకం నవ్వుతుంది. పునరుజ్జీవన కాలంలో రూపం పరిపూర్ణమవుతూ ఉంటే లోపల అంతరాత్మ ఖాళీ అవుతూ ఉంటుంది. మారినో దగ్గరకు వచ్చేసరికి మాటలు మాత్రమే మిగులుతాయి. ‘నూతన శాస్త్రం’ అనే పందొమ్మిదో అధ్యాయంలో వీకో మొదలైనవారి ఆలోచనతో పునరుత్థానం ప్రారంభమై, చివరి అధ్యాయంలో ఆధునిక సాహిత్యానికి దారి తీస్తుంది.

ఈ కథనంలో వక్తృత్వం పాత్ర ఏమిటో గమనించాలి. వీకో బీసి బడిలో అది బోధనలో దోషం. ‘చరిత్ర’లో అది ఒక జాతి వ్యాధి. నమ్మకం లేకుండా అందంగా మాట్లాడడం, చేయని పనిని మాటలతో అలంకరించడం, రచయితలు రాజాస్థానాల్లో పలుకు అమ్ముకోవడం, ఇవన్నీ ఆయన దృష్టిలో ఒకే లక్షణం. తరగతిలో అలంకారాల పట్టికను వ్యతిరేకించిన అధ్యాపకుని కోపమే ఇక్కడ నాలుగు శతాబ్దాల మీద తీర్పుగా విస్తరించింది. మాకియవెల్లి అధ్యాయంలో ఇది పరాకాష్ఠకు చేరుతుంది. మాకియవెల్లి గద్యాన్ని ఆయన మెచ్చుకోవడానికి కారణం దానిలో అలంకరణ లేకపోవడం, వస్తువే మాట కావడం. ఆ అధ్యాయం రాస్తున్నప్పుడే ఇటలీ సైన్యం రోమ్‌లో ప్రవేశించిన వార్తతో నేపుల్స్‌లో గంటలు మోగాయి. 1870 సెప్టెంబరు నాటి ఆ గంటల మోతను ఆయన పుస్తకంలోనే ప్రస్తావించి, మాకియవెల్లికి జేజేలు పలికాడు. పాఠ్యగ్రంథంలో రచయిత గది కిటికీ తెరచుకున్న అరుదైన సందర్భం ఇది.

ఇందులో ఒక బలహీనత కూడా ఉంది. కథకు ఒక దిశ ఉన్నప్పుడు ఆ దిశకు లొంగని రచయితలు చిన్నబోతారు. ప్రాంతాల వారీ సాహిత్యం, లాటిన్‌లో రాసిన మానవతావాదులు, వాగ్మితను నిజంగా పౌరధర్మంగా భావించిన పదిహేనో శతాబ్దపు ఫ్లారెన్స్ రచయితలు ఈ పుస్తకంలో తగినంత చోటు పొందలేదు. ఏకైక రేఖగా సాగే ఈ చరిత్రకు బదులుగా ఇటాలియన్ సాహిత్యాన్ని భౌగోళికంగా, అనేక కేంద్రాల చరిత్రగా చూడాలని కార్లో డియొనిసొట్టి ‘ఇటాలియన్ సాహిత్య భూగోళం, చరిత్ర’ (1967)లో వాదించాడు. ఆ వాదం తరువాత డె సాంక్టిస్ చట్రాన్ని యథాతథంగా అంగీకరించడం కష్టం.

రెండో నేపుల్స్ పాఠశాల

1871లో నేపుల్స్ విశ్వవిద్యాలయంలో ఆయనకు తులనాత్మక సాహిత్య పీఠం లభించింది. అక్కడ మాంజోని, ఉదారవాద రచయితలు, ప్రజాస్వామిక రచయితలు, లియోపార్డి అనే క్రమంలో తన శతాబ్దపు సాహిత్యాన్ని బోధించాడు. సమకాలీన రచయితలను విశ్వవిద్యాలయంలో పాఠ్యాంశం చేయడం అప్పటికి మామూలు విషయం కాదు. 1872 నవంబరు 16న చేసిన ప్రారంభోపన్యాసం ‘శాస్త్రం, జీవితం’లో ఆయన వేసిన ప్రశ్న సాహిత్య అధ్యాపకులకు ఇబ్బందికరమైనది. జ్ఞానం పెరిగితే జీవితం బలపడుతుందన్న నమ్మకం నిజమేనా? ఎంతో తెలిసిన సమాజాలు సంకల్పబలం లేక కూలిపోయిన సందర్భాలు చరిత్రలో ఉన్నాయి కదా. విద్యార్థి మనసులో ఏదీ కదిలించని సమాచారాన్ని ఆయన పాత వక్తృత్వానికి కొత్త రూపంగానే చూశాడు.

ఈ హెచ్చరికను ఆ తరం అంతగా పట్టించుకోలేదు. పత్ర ప్రతులు, మూలాలు, తేదీలు, జీవిత చరిత్రలను శాస్త్రీయంగా పరిశోధించే చారిత్రక సంప్రదాయం అప్పటికి బలపడుతోంది. ఆ వర్గానికి వేదిక అయిన ‘ఇటాలియన్ సాహిత్య చారిత్రక పత్రిక’ ట్యూరిన్‌లో 1883లో మొదలైంది. అదే సంవత్సరం డిసెంబరు 29న డె సాంక్టిస్ నేపుల్స్‌లో మరణించాడు. వాస్తవాల్లో ఆయన చేసిన పొరపాట్లను కొత్త పరిశోధకులు ఎత్తిచూపారు; చాలా చోట్ల వారిదే సరి.

మరణానంతరం: తరగతి నోటుపుస్తకాలు

ఆయనను తిరిగి కేంద్రంలోకి తెచ్చినవాడు బెనెడెట్టో క్రోచే. రచనలను సేకరించి అచ్చువేశాడు. 1902 నాటి ‘సౌందర్యశాస్త్రం’లో వక్తృత్వ విభాగాలకు కళతో సంబంధం లేదని తేల్చాడు. గురువు తరగతిలో అనుభవంగా చెప్పినది ఇక్కడ సిద్ధాంతమైంది. గ్రాంషీ జైలు నోటుపుస్తకాల్లో డె సాంక్టిస్ విమర్శను క్రోచే విమర్శ కంటే భిన్నమైనదిగా, ఒక సంస్కృతి కోసం పోరాడిన విమర్శగా నిలబెట్టాడు. ఈ రెండు వ్యాఖ్యానాలలో గ్రాంషీదే డె సాంక్టిస్ జీవితానికి దగ్గరగా ఉందని అంగీకరించాలి. బడి, చెర, మంత్రిత్వం, పుస్తకం ఆయనకు వేర్వేరు పనులు కావు.

బోధన వైపు నుంచి చూస్తే మాత్రం ఫలితం మిశ్రమం. వ్యాస రచన, ప్రసంగం, వాదనా క్రమం నేర్పిన పాత పాఠశాల పోయింది. దాని స్థానంలో సాహిత్య చరిత్ర వచ్చింది. అలంకారాల పేర్లు వల్లించిన విద్యార్థి ఇప్పుడు కవుల గురించిన అభిప్రాయాలు వల్లించసాగాడు. ఫ్రాంచెస్కా సజీవ స్త్రీ అన్న మాటను సర్గ చదవకుండానే పరీక్షలో రాయవచ్చు. అలంకార పట్టికను కూల్చిన పుస్తకం నుంచే మరో పట్టిక తయారైంది. పాత వక్తృత్వంలో మంచి భాగం, అంటే విషయాన్ని వెదికి, అమర్చి, ఎదుటివారికి నచ్చజెప్పే శిక్షణ, ఈ మార్పులో చాలావరకు కనుమరుగైంది. ఇరవయ్యో శతాబ్దం రెండో సగంలో దానికి పునర్వికాసం కలిగింది. పెరెల్మాన్, లౌస్బెర్గ్ గ్రంథాల ఇటాలియన్ అనువాదాలు 1960లలో వచ్చాయి. బీచె మొర్తారా గరవెల్లి ‘వక్తృత్వ కరదీపిక’ 1988లో వెలువడి అధ్యాపకుల చేతికి అందింది. పువోటి బడిలో రాయడం నేర్వకపోతే డె సాంక్టిస్ అంత స్పష్టంగా రాయగలిగేవాడా అన్న ప్రశ్న ఆయన అభిమానులు అరుదుగా వేసుకుంటారు.

చివరగా పరిశోధకులకు ఉపయోగపడే ఒక ఆధార విశేషం. మొదటి పాఠశాల గురించి మనకు రెండు సాక్ష్యాలున్నాయి. ఒకటి ‘యౌవనం’. కంటిచూపు మందగించిన చివరి రోజుల్లో ఆయన మేనకోడలి వరుస అయిన ఆన్యేసెకు చెప్పి రాయించినది. 1844 దగ్గరే ఆగిపోయింది, 1889లో పాత శిష్యుడు పస్క్వాలె విల్లారి ప్రచురించాడు. రెండవది ఆ బడి విద్యార్థుల నోటుపుస్తకాలు. వాటి ఆధారంగా 1839–1848 నాటి పాఠాలను క్రోచే పునర్నిర్మించి 1926లో ‘సాహిత్య సిద్ధాంతం, చరిత్ర’ పేరుతో రెండు సంపుటాలుగా ప్రచురించాడు. రెండో పాఠశాల పాఠాలు కూడా చాలావరకు శిష్యుడు ఫ్రాంచెస్కో తొరాకా రాసుకొన్న రూపంలోనే నిలిచాయి. వల్లింపును ద్వేషించిన అధ్యాపకుని బోధన, శ్రద్ధగా రాసుకొన్న విద్యార్థుల వల్లనే మనకు దక్కింది. నలభై ఏళ్ల తరువాత చెప్పిన జ్ఞాపకంలో వక్తృత్వంపై తిరుగుబాటు ఒక్క దెబ్బలో జరిగినట్లు తోస్తుంది. నోటుపుస్తకాల్లో భాష, శైలి, ప్రక్రియల పాఠాలు ఏడాది తరువాత ఏడాదిగా, పాత పేర్లతోనే నడుస్తూ ఉంటాయి. పేర్లు అవే ఉండగా లోపలి విషయం ఎప్పుడు, ఏ పాఠం దగ్గర మారిందో తెలుసుకోవాలంటే ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చదవవలసి ఉంటుంది.